మఠం నేలలో తిరగలి రాళ్లు

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

మీలో చిన్నప్పుడు తిరగలి విసిరినవాళ్లు ఉండే ఉంటారు. నేను చెప్పబోయేది ఇంగ్లండ్ సంగతే అయినా, అదీ తిరగలి చుట్టూనే తిరుగుతుంది.

లండన్‌కు ఉత్తరాన సెయింట్ ఆల్బన్స్ అనే ఊరుంది. మధ్యయుగంలో ఆ ఊరికీ, చుట్టుపక్కల చాలా పల్లెలకూ అక్కడి క్రైస్తవ మఠాధిపతే దొర. ఒక దొర కింద ఉండే భూమిని, ఆయన నడిపే కోర్టును, ఆ భూమి మీద బతికే జనాన్ని అన్నిటినీ కలిపి మేనర్ అనేవారు.

చాలా మేనర్లలో చేలకు కంచెలుండవు. పెద్ద చేలను సన్నటి పట్టీలుగా చేసి పంచుకునేవారు. రైతుకు పట్టీలు నాలుగు దిక్కులా చెదిరి ఉండేవి. దొర సొంత సేద్యానికి మాత్రం వెట్టి. తెలంగాణ పెద్దలకు ఆ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. విలన్ అని పిలిచే కట్టుబడి రైతు చాలాచోట్ల వారానికి రెండు మూడు రోజులు కూలి లేకుండా దొర చేలో పనిచేయాలి. కోతల కాలంలో ఇంకా ఎక్కువ. తన చేను వానకు తడుస్తున్నా ముందు దొర పంటే ఇంటికి చేరాలి. కూతురి పెళ్లి చేస్తే దొరకు డబ్బు కట్టాలి. ఇంటి యజమాని చనిపోతే ఉన్నవాటిలో మంచి పశువు దొరకు, దాని తర్వాతది చాలాసార్లు చర్చికి. శవం లేచిన ఇంటి నుంచే ఎద్దును తోలుకుపోయేవారు. ఇది చదివిన ప్రతిసారీ నాకు మనసు కలుక్కుమంటుంది.

అయితే ఊరి ఆచారమనేది దొరనూ కొంత కట్టిపడేసేది. తండ్రి భూమి మామూలుగా కొడుక్కే వచ్చేది. పనులు చూసే రీవ్ కూడా ఆ రైతుల్లో ఒకడే.

ఇక మర. గింజలు దొర మరలోనే ఆడించి, అందులో కొంత అక్కడే వదలాలి. 1086 నాటి రాజు సర్వేలోనే ఇంగ్లండ్‌లో దాదాపు 6,000 మరలు లెక్కకొచ్చాయి, అంటే అది ఎంత ఆదాయమో చూడండి. ఇంట్లో తిరగలి ఉంటే ఆ ఆదాయానికి గండి. అందుకే 1330ల్లో మఠాధిపతి రిచర్డ్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ జనం తిరగళ్లను లాక్కుని, ఆ రాళ్లను మఠంలో నేలకు పరిపించాడు. ఈయన గొప్ప గణితవేత్త, గ్రహగతులు చూపే గడియారాన్ని రూపొందించినవాడు. అంత చదువున్న మనిషికి వంటింట్లోని రాయి మీద కన్నెందుకు పడిందా అని నాకు బాధేస్తుంది.

1348-49 ప్లేగులో మూడోవంతుకు పైగా జనం పోయారు. పనివాళ్లు కరువై కూలి పెరగబోతే, 1351లో చట్టం తెచ్చి అణిచారు. ఆ పైన తలపన్ను. 1381 జూన్‌లో రైతులు తిరగబడ్డారు. సెయింట్ ఆల్బన్స్ జనం మఠంలోకి వెళ్లి నేలలోని తిరగలి రాళ్లను పెకలించి, ముక్కలు చేసి, ఆదివారం చర్చిలో దీవించిన రొట్టెలా పంచుకున్నారు. ఇది రాసిపెట్టింది వాళ్లను ద్వేషించిన ఆ మఠం సన్యాసే.

నెల తిరిగేసరికి రాజు బలగంతో వచ్చాడు. ఊరి నాయకుడు విలియం గ్రిండ్‌కాబ్‌ను ఉరితీశారు. జనం పంచుకున్న ఆ ముక్కలు పిండి విసరడానికి పనికొచ్చేవి కావు. అయినా వాటిని ఇళ్లకు పట్టుకెళ్లారు.