మనుషులతో కలివిడి, తోటి కుక్కతో కలహం: హస్కీ, మాలమ్యూట్ ఇళ్లలో జరిగేది

అందరికీ నమస్కారం. పెంపుడు కుక్కల యజమానుల సమావేశం కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులో నడిచేవాళ్లకి హస్కీలు ఇప్పుడు వింత కాదు. ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ అపార్ట్‌మెంట్ల దాకా ఉన్నాయి. విశాఖ ఉక్కపోతకి ఇవి తగిన కుక్కలు కావనే నా అభిప్రాయం. అయినా వచ్చేశాయి, వాటి బాగోగులు మనవే. ఈరోజు నేను మాట్లాడేది రెండో కుక్క గురించి. మొదటి హస్కీ ఎవరినీ ఏమీ అనదు, ఇంటికొచ్చిన ప్రతివాళ్ల మీదా ప్రేమగా పడిపోతుంది. పాపం ఒంటరిగా ఉందని ఇంకోదాన్ని తెస్తారు. కొంతకాలం రెండూ ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. ఏడాదిన్నర, రెండేళ్లు దాటాక ఒకరోజు చెవులు చిరిగేలా కొట్టుకుంటాయి. కుక్కకి పిచ్చెక్కింది, ఎవరికైనా ఇచ్చేద్దాం అంటారు.

దానికి పిచ్చెక్కలేదండీ. మనుషులతో కలివిడిగా ఉండటం ఒక గుణం. మగకుక్క ఇంకో మగకుక్కని, ఆడకుక్క ఇంకో ఆడకుక్కని ఇంట్లో భరించడం పూర్తిగా వేరే గుణం. మొదటిది ఉంది కదా అని రెండోది ఉంటుందనుకోవడంతోనే చిక్కంతా.

హస్కీ, దానికంటే పెద్దదైన మాలమ్యూట్, రెండూ మంచు మీద చక్రాల్లేని బండి (స్లెడ్జ్) లాగే జాతులు. ఇవి ఎక్కడివో చూడండి. మాలమ్యూట్ అలాస్కాలో కోట్‌జెబ్యూ సౌండ్ ప్రాంతపు ఇన్యుపియాట్ ప్రజల కుక్క. బరువులు లాగడం దాని పని. సైబీరియన్ హస్కీని పెంచింది ఈశాన్య సైబీరియాలోని చుక్చీ ప్రజలు. తేలిక బరువుతో చాలా దూరం, పెద్ద జట్టుగా పరిగెత్తాలి. ఈ హస్కీలు 1908–09 ప్రాంతంలో బండి పందేల కోసం అలాస్కాలోని నోమ్ పట్టణానికి చేరాయి. 1925లో అక్కడ డిఫ్తీరియా ప్రబలినప్పుడు 20 మంది చోదకులు, వంతులవారీగా కుక్కల జట్లతో సుమారు 1,085 కిలోమీటర్లు మందు చేరవేశారు. అలాంటి బతుకులో మనిషిని కరిచే కుక్కకి చోటు లేదు. మనుషుల పట్ల వీటికున్న స్నేహం అలా వచ్చింది.

మరి జట్టుగా పరిగెత్తాయి కదా, కలిసి ఉండవా అని అడుగుతారు. పరుగులో ప్రతి కుక్కకీ తన స్థానం ఉంటుంది, హార్నెస్ (బండికి కట్టే పట్టీ) పట్టి ఉంచుతుంది, అన్నీ ముందుకే చూస్తుంటాయి, వెనక చోదకుడు కనిపెడుతుంటాడు. పరుగు అయ్యాక చాలాచోట్ల దేన్ని దాని చోట విడిగా కట్టేస్తారు. ఆ క్రమం మన హాల్లో సోఫా పక్కన లేదు. జాతుల మధ్య తేడా కూడా ఉంది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ అనే సంస్థ ప్రచురించే జాతి లక్షణాల ప్రమాణంలో సైబీరియన్ హస్కీ ఇతర కుక్కలపై దూకుడు చూపదని రాసి ఉంటుంది. మాలమ్యూట్‌ది చదివితే మనుషులతో స్నేహం గురించే ఉంటుంది. మాలమ్యూట్లలో ఒకే లింగపు కుక్కల మధ్య కొట్లాట ఎక్కువని ఆ జాతిని పెంచేవాళ్లే హెచ్చరిస్తారు. హస్కీలు సగటున నయం. సగటు చూసి మీ ఇంట్లో ఉన్నదానికి హామీ ఇచ్చుకోకండి.

గొడవ రెండేళ్ల దగ్గర ఎందుకు మొదలవుతుంది? అప్పటికి కుక్క మానసికంగా పెద్దదవుతుంది. పిల్లగా సర్దుకుపోయింది ఇప్పుడు సర్దుకోదు. మగవాటి కొట్లాటలో అరుపులు, హడావిడి ఎక్కువ. ఒకే ఇంట్లో రెండు ఆడవి పగబడితే మాత్రం గాయాలు లోతుగా ఉంటాయి, రాజీ కష్టం. ఎదకి వచ్చే రోజుల్లో ఇంకా టెన్షన్. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే మగవాటిలో కొంత తగ్గవచ్చు, ఆడవాటిలో ఆ నమ్మకం తక్కువ. డాక్టర్‌తో మాట్లాడి చేయించండి, కానీ అదొక్కటే మందు అనుకోవద్దు.

మన ఊళ్లో నాకు బాగా భయం వేసేది ఏసీ గది. మే నెలలో రెండు పెద్ద కుక్కలు రోజంతా ఒకే చిన్న గదిలో, చల్లగాలి తగిలే ఒకే మూల కోసం పోటీ పడతాయి. బయట ఎండ, వాకింగ్ పది నిమిషాలు. పరిగెత్తడానికి పుట్టినదానికి పని లేదు, చోటు లేదు, ఎదురుగా ఇంకోటి. తిండి గిన్నె, గుమ్మం, మీ మంచం పక్కన జాగా కూడా ఇలాంటివే. కూలర్ అయినా సరే, చల్లటి చోట్లు రెండు ఉండాలి. తిండి వేర్వేరు గదుల్లో, తలుపు వేసి పెట్టండి.

ముందే కనిపెట్టడం వీటిలో కష్టం. తోక మామూలుగానే తరచూ వీపు మీదికి తిరిగి ఉంటుంది కాబట్టి అది నిక్కిందో లేదో తేలిగ్గా తెలియదు. ఒత్తు బొచ్చులో మెడమీద వెంట్రుకలు లేచినా సరిగా కనబడవు. హస్కీ ఊళ పెట్టడం, గొణగడం మామూలే, అది గుర్రుమనడం కాదు. అసలు భయపడాల్సింది నిశ్శబ్దానికి. ఒకటి కదలకుండా బిగుసుకుపోయి రెండోదాని కళ్లలోకే చూస్తుంటే, భుజం మీద గడ్డం ఆనిస్తే, దారికి అడ్డంగా నిలబడితే, అరవకుండా ఏదో ఒకదాన్ని పేరుతో పిలిచి పక్క గదికి పంపండి.

కొట్లాట మొదలైతే చేయి మధ్యలో పెట్టకండి. మీ కుక్కే, మీరని తెలియకుండా కరుస్తుంది. బకెట్ నీళ్లు, దుప్పటి, కుర్చీ, ఏది అందితే అది అడ్డం పెట్టండి. పంటి గాటు పడితే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లండి, ఇంటి కుక్కే కదా అని ఊరుకోవద్దు.

రెండోది తెచ్చుకోవాలంటే మగదానికి ఆడది, ఆడదానికి మగది చూసుకోండి, పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ సంగతి ముందే తేల్చుకోండి. ఒకే ఈత అక్కచెల్లెళ్లని జంటగా అమ్మజూపే బ్రీడర్‌ని తల్లి తోటి ఆడకుక్కలతో ఎలా ఉంటుందో చూపించమనండి. ఇప్పటికే పగబట్టిన రెండింటిని బలవంతంగా కలపకండి. ఒకటి లోపల, ఒకటి బయట, పూటపూటకీ మార్చుకుంటూ ఏళ్లపాటు హాయిగా పెంచుతున్న ఇళ్లు ఉన్నాయి. అంత ఓపిక, చోటు లేనివాళ్లు ఒకదానికి వేరే మంచి ఇల్లు వెతికితే అది సిగ్గుపడాల్సిన పని కాదు. వెతకకుండా బీచ్ రోడ్డులో వదిలేస్తే మాత్రం ఆ కుక్క వీధి కుక్కల మధ్య, మే ఎండలో రోజులు లెక్కపెట్టుకోవాలి.