ఎడురోమ్ ఎందుకు కనెక్ట్ కాదు? ల్యాప్‌టాప్‌లో పెట్టుకునే పద్ధతి

హోస్ట్: నమస్కారం. పైచదువులకు బయల్దేరేవాళ్లు, వేరే క్యాంపస్‌లో కాన్ఫరెన్స్ ఉన్నవాళ్లు మమ్మల్ని ఎక్కువగా అడుగుతున్నది ఎడురోమ్ గురించి, అంటే యూనివర్సిటీలు కలిసి నడిపే వైఫై గురించి. వైఫై లిస్టులో పేరు కనిపిస్తుంది, వివరాలు కొడితే మాత్రం కనెక్ట్ కాదు. క్యాంపస్ నెట్‌వర్కులు చూసుకునే అన్న ఇవాళ మనతో ఉన్నారు. అన్నా, ఇంట్లో వైఫైకీ దీనికీ అసలు తేడా ఏంటి?

ఇంజనీర్: ఇంట్లో రౌటర్‌కు ఒకటే పాస్‌వర్డ్, అందరూ అదే కొడతారు. ఇక్కడ ఎవరి లాగిన్ వాళ్లది. 2002లో నెదర్లాండ్స్‌లో యూనివర్సిటీలకు నెట్ ఇచ్చే సర్ఫ్‌నెట్ సంస్థ నుంచి క్లాస్ వీరెంగా ఈ ఆలోచన ముందుకు తెచ్చారు: ఏ యూనివర్సిటీకి వెళ్లినా సొంత యూనివర్సిటీ లాగిన్‌తోనే నెట్ రావాలని. ఇప్పుడు 100కు పైగా దేశాల్లో ఉంది. మన దేశంలో దీన్ని నడిపేది విద్యా, పరిశోధనా సంస్థలకు నెట్ ఇచ్చే ఎర్నెట్ ఇండియా.

హోస్ట్: మరి హైదరాబాద్ స్టూడెంట్ ఆమ్‌స్టర్‌డామ్‌లో ల్యాప్‌టాప్ తెరిస్తే, అక్కడి వాళ్లకు ఇతని పాస్‌వర్డ్ ఎలా తెలుస్తుంది?

ఇంజనీర్: తెలియదు, తెలియకూడదు కూడా. అక్కడి యాక్సెస్ పాయింట్, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె, ఆ రిక్వెస్టును లాగిన్‌లు చూసుకునే వాళ్ల రేడియస్ సర్వర్‌కు ఇస్తుంది. ఆ సర్వర్ యూజర్‌నేమ్‌లో యాట్ గుర్తు తర్వాత ఉన్న భాగం మాత్రమే చూస్తుంది. దాన్ని రెల్మ్ అంటాం. ఆ పేరును బట్టి వాళ్ల దేశపు సర్వర్, అక్కణ్నుంచి మన దేశపు సర్వర్, చివరికి హైదరాబాద్‌లో అతని కాలేజీ సర్వర్ దాకా రిక్వెస్ట్ వస్తుంది. పాస్‌వర్డ్ పరీక్ష ఎన్‌క్రిప్ట్ చేసిన టన్నెల్ లోపల జరుగుతుంది కాబట్టి మధ్యలో ఎవరికీ కనపడదు. "ఇతను మావాడే" అని కాలేజీ సర్వర్ చెప్తే అక్కడ తలుపు తెరుచుకుంటుంది.

హోస్ట్: అంటే యాట్ తర్వాతి భాగం లేకపోతే...

ఇంజనీర్: ఎవర్ని అడగాలో అక్కడి సర్వర్‌కు తెలియదు. చాలామంది చిక్కుకునేది ఇక్కడే తమ్ముడూ. సొంత క్యాంపస్‌లో వట్టి రోల్ నంబర్ కొట్టినా పనిచేసే చోట్లు ఉన్నాయి, ఎందుకంటే సర్వర్ పక్కనే ఉంటుంది. నాలుగేళ్లు అలా వాడి, బయటికి వెళ్లగానే ఆగిపోతుంది. ఇంకోటి, ఈమెయిల్ అడ్రస్, ఎడురోమ్ యూజర్‌నేమ్ ఒకటే అవ్వాలని లేదు. కొన్ని చోట్ల మెయిల్‌లో "స్టూడెంట్స్" అనే ముక్క ఉంటుంది, రెల్మ్‌లో ఉండదు. కాలేజీ ఐటీ పేజీలో ఏం రాశారో అక్షరం పొల్లుపోకుండా చూసుకోవాలి. చివర్లో ఖాళీ స్పేస్ పడినా లాగిన్ అవ్వదు.

హోస్ట్: సరే, విండోస్ ల్యాప్‌టాప్‌లో మొదట్నుంచి చెప్పండి.

ఇంజనీర్: ప్రయాణానికి ముందే, సొంత క్యాంపస్‌లోనే చేయాలి. ముందు పాతది తీసేయాలి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్, అక్కడ ఎడురోమ్ పక్కన ఫర్గెట్ నొక్కండి. తర్వాత ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, ఒక్కో కాలేజీకి సరిపడే ఇన్‌స్టాలర్ ఇచ్చే ఎడురోమ్ క్యాట్ సైట్ తెరవండి. మీ సొంత కాలేజీ పేరు ఎంచుకోవాలి, వెళ్లబోయే కాలేజీది కాదు. ఇన్‌స్టాలర్ దించి రన్ చేసి, పూర్తి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వండి. మ్యాక్‌కు ఒక ప్రొఫైల్ ఫైల్ వస్తుంది, దాన్ని సిస్టమ్ సెట్టింగ్స్‌లో ఒప్పుకోవాలి. లినక్స్‌కు పైథాన్ స్క్రిప్ట్. కాలేజీ క్యాట్‌లో లేకపోతే ఐటీ వాళ్లు ఇచ్చిన సెట్టింగులే వాడండి.

హోస్ట్: చేత్తో పెట్టుకుంటే అయిపోదా? పేరు మీద నొక్కి పాస్‌వర్డ్ కొడితే చాలుగా?

ఇంజనీర్: కనెక్ట్ అవ్వచ్చు, కానీ సర్టిఫికెట్ పరీక్ష సరిగ్గా జరగదు. ఎవరైనా చవకైన రౌటర్‌కు "ఎడురోమ్" అని పేరు పెట్టి క్యాంటీన్‌లో కూర్చోవచ్చు. మీ ల్యాప్‌టాప్ మాట్లాడుతున్నది మీ కాలేజీ సర్వర్‌తోనే అని చెప్పేది ఆ సర్టిఫికెట్ ఒక్కటే. చాలా చోట్ల టన్నెల్ లోపల పాస్‌వర్డ్ పరీక్షకు వాడేది ఎంఎస్‌చాప్ వీ2 అనే పద్ధతి. దాన్ని ఛేదించే పని డెస్ అనే పాత ఎన్‌క్రిప్షన్‌లో ఒకే ఒక కీ వెతకడం దాకా తగ్గించవచ్చని 2012లో డెఫ్‌కాన్ అనే హ్యాకర్ల సదస్సులో మాక్సీ మార్లిన్‌స్పైక్, డేవిడ్ హల్టన్ చూపించారు. పోయేది వైఫై ఒక్కటే కాదు, చాలా కాలేజీల్లో మెయిల్‌కూ మార్కుల పోర్టల్‌కూ అదే పాస్‌వర్డ్. అందుకే లినక్స్‌లో "సీఏ సర్టిఫికెట్ అక్కర్లేదు" అనే టిక్ పెట్టొద్దు, అది ఆ సర్టిఫికెట్ పరీక్షనే ఆపేస్తుంది. విండోస్ "ఈ చోట ఈ నెట్‌వర్క్ ఉంటుందనుకుంటే కొనసాగించండి" అని అడిగితే ఆగండి. ఇన్‌స్టాలర్ సరిగ్గా పనిచేస్తే ఆ ప్రశ్నే రాకూడదు.

హోస్ట్: అన్నీ సరిగ్గా పెట్టినా రాకపోతే?

ఇంజనీర్: ముందు గడియారం చూడండి. తేదీ తప్పుంటే సర్టిఫికెట్ గడువు దాటినట్టో, ఇంకా మొదలవ్వనట్టో కనిపిస్తుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయిన పాత ల్యాప్‌టాప్‌లలో ఇది మామూలే. తర్వాత పాస్‌వర్డ్. మెయిల్‌లో మార్చుకుని ఉంటారు, ఫోన్‌లోనూ ట్యాబ్‌లోనూ పాతదే ఉంటుంది. అవి ఊరుకోకుండా పాతదే పంపుతుంటే అకౌంట్ లాక్ పడచ్చు, అప్పుడు ల్యాప్‌టాప్‌లో సరైనది కొట్టినా లోపలికి రానివ్వదు. మార్చిన రోజే అన్నింట్లో మార్చాలి.

హోస్ట్: కనెక్టెడ్ అంటుంది, నెట్ మాత్రం రాదు. అది?

ఇంజనీర్: ఐపీ అడ్రస్ చూడు. 169.254తో మొదలైతే లాగిన్ అయిపోయింది, అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ దగ్గర ఆగింది. ఇక పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ కొట్టి లాభం లేదు. వైఫై ఆపి మళ్లీ వేయండి, అయినా రాకపోతే అది మీరున్న క్యాంపస్ వాళ్లు సరిచేయాల్సిన పని. లాగిన్ దగ్గరే ఆగితే మాత్రం మీ సొంత కాలేజీ హెల్ప్‌డెస్క్‌కు చెప్పాలి, మీరు వెళ్లిన క్యాంపస్ వాళ్లకు కనిపించేది "తిరస్కరించారు" అన్న జవాబు మాత్రమే.

హోస్ట్: హెల్ప్‌డెస్క్‌కు ఏం పంపాలి?

ఇంజనీర్: ప్రయత్నించిన కచ్చితమైన సమయం, ఏ దేశపు టైమో కూడా రాయాలి. ఏ క్యాంపస్, వాడిన యూజర్‌నేమ్, వైఫై మ్యాక్ అడ్రస్, అంటే మీ ల్యాప్‌టాప్ వైఫై కార్డుకు ఉండే గుర్తింపు నంబర్. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ రాయొద్దు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి "నెట్ఎస్‌హెచ్ డబ్ల్యూలాన్ షో డబ్ల్యూలాన్‌రిపోర్ట్" (netsh wlan show wlanreport) అని కొడితే గత 3 రోజుల వైఫై చరిత్ర ఒక పేజీగా వస్తుంది, దాన్నీ జతచేయండి. ఆ సమయం చేతిలో ఉంటే రేడియస్ లాగ్‌లో మీ వరుస వెతకడం తేలిక.