షికాగో విమర్శకుడు, తెలుగు ప్రేక్షకుడు

శ్రోతలకు నమస్కారం.

శుక్రవారం మన దగ్గర పెద్ద సినిమా విడుదలైందంటే, పొద్దున ఆట ఇంటర్వెల్‌కి రాకముందే ఫోన్లో ఒక అంకె వచ్చేస్తుంది. రెండున్నర, రెండుముప్పావు, మూడుంపావు. అయిదుకి. ఈ పావులు ఏ త్రాసులో తూచి వేస్తారో నాకెప్పుడూ అంతుపట్టదు. టికెట్టు డబ్బులు దండగో కాదో ముందే తెలుసుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. నలుగురు కలిసి మల్టీప్లెక్సుకి వెళ్తే, పాప్‌కార్న్‌తో సహా ఎంతవుతుందో అందరికీ తెలిసిందే. అయితే ఆ అంకెతోనే పని తీరిపోతే, చనిపోయిన ఒక విమర్శకుడి పాత సమీక్షలు వెతుక్కుని మరీ చదివేవాళ్లు ఎందుకున్నారు? అలాంటివాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ విమర్శకుడి పేరు రోజర్ ఎబర్ట్.

ఎబర్ట్ 1942లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, అర్బానా అనే ఊళ్లో పుట్టారు. తండ్రి అక్కడి యూనివర్సిటీలో ఎలక్ట్రీషియన్. 1967లో షికాగో సన్-టైమ్స్ పత్రికలో సినిమా విమర్శకుడిగా చేరి, 2013లో కన్నుమూసేదాకా ఆ పత్రికకే రాశారు. 1975లో ఆయనకు పులిట్జర్ బహుమతి వచ్చింది, అమెరికాలో పత్రికా రచనకు ఇచ్చే పెద్ద బహుమతి అది. సినిమా విమర్శకు ఆ బహుమతి రావడం అదే మొదలు. అదే ఏడాది టీవీలోకీ వచ్చారు. పక్కన కూర్చున్నది జీన్ సిస్కెల్, పోటీ పత్రిక అయిన షికాగో ట్రిబ్యూన్ విమర్శకుడు. ఒకరు లావు, ఒకరు సన్నం. ఇద్దరూ కెమెరా ముందే పోట్లాడుకునేవారు, అది ఉత్తుత్తి పోట్లాట కాదు. చివర్లో బొటనవేలు పైకో కిందకో చూపించేవారు. ఆ బొటనవేలే ట్రేడ్‌మార్క్ అయి కూర్చుంది. అంటే ఇవాళ్టి మన అంకెల గొడవకు ఆయనా కొంత బాధ్యుడే. అభిమానిని కదా అని ఆ మాట దాచను.

నేనాయన్ని టీవీలో చూసి అభిమానిని కాలేదు. ఇంటర్నెట్ సెంటర్లో గంటకింతని కట్టి, ఉద్యోగాలకు అప్లికేషన్లు పెట్టుకోవాల్సిన టైంలో ఆయన సమీక్షలు చదువుతూ కూర్చునేవాణ్ణి. అందులో చాలా సినిమాలు మా ఊరి హాలుకి ఈ జన్మలో రావు. అయినా ఆ సినిమాలు చూసినట్టే ఉండేది. అపూ అనే కుర్రాడి కథగా సత్యజిత్ రాయ్ తీసిన మూడు అపూ చిత్రాల మీద ఆయన 2001లో రాసిన వ్యాసం బాగా గుర్తు. తన దేశం కాదు, తన కాలం కాదు, తన సంస్కృతి కాదు. అయినా ఆ సినిమాలు తన మనసుకు సూటిగా తగిలాయనీ, ఒక ప్రార్థనలా ఉన్నాయనీ రాశారు. మన దేశపు సినిమాను నాకు ఇల్లినాయ్ మనిషి పరిచయం చేశాడు. కొంచెం సిగ్గనిపించిన మాట నిజం. వెంటనే సీడీ కోసం తిరిగాను.

ఆయన తరచూ చెప్పే మాట ఒకటుంది. సినిమా దేని గురించి అన్నది కాదు, దాన్ని ఎలా చెప్పిందన్నదే అసలు సంగతి అని. వినడానికి మామూలు మాటే. కానీ మన సంభాషణ ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. "కథేముంది, పాతదే" అంటాం. "మెసేజ్ బాగుంది" అంటాం. కథకు మార్కులు, మెసేజ్‌కి మార్కులు వేసేసి లేచిపోతాం. రెండున్నర గంటలు మన కళ్ల ముందు ఆడిన బొమ్మ గురించి ఒక్క ముక్క ఉండదు. ఆయన నక్షత్రాల లెక్క కూడా వేరే. నాలుగుకి వేసేవారు, అదీ ఆ జాతి సినిమాతోనే పోల్చి. ఒక సూపర్‌హీరో సినిమా బాగుందా అని స్నేహితుడు అడిగితే, గొప్ప క్రైమ్ డ్రామా కంటే బాగుందా అని అడగడం లేదు కదా, అలాంటిదే ఇంకో సూపర్‌హీరో సినిమా కంటే నయమా అని అడుగుతున్నాడు అనేవారు. ఫార్ములా సినిమాను ఫార్ములా సినిమాగా చూసి, అందులోనే పనితనం ఉందా లేదా అని అడగడం నాకు అక్కడే అలవాటైంది. పండక్కి వచ్చే మాస్ సినిమాను కూడా అప్పట్నుంచి చిన్నచూపు చూడలేదు. పనితనం లేకపోతే మాత్రం వదల్లేదు.

కొలరాడో యూనివర్సిటీలో, బౌల్డర్ అనే ఊళ్లో ఆయన చాలా ఏళ్లపాటు ఒక పని చేశారు. ఒక సినిమా తీసుకుంటారు. హాల్లో చీకట్లో జనం కూర్చుంటారు. ఎవరైనా సరే "ఆపండి" అని అరవొచ్చు. ఆపుతారు. అరిచినవాళ్లు తమకేం కనిపించిందో చెబుతారు, మిగతావాళ్లు ఒప్పుకుంటారు, కాదంటారు. విద్యార్థి అరిచినా ప్రొఫెసర్ అరిచినా ఒకటే. అలా ఒక్క సినిమా కొన్ని మధ్యాహ్నాలు సాగుతుంది. బొమ్మలో కుడివైపు ఎవరున్నారు, ఎడమవైపు ఎవరున్నారు, ఎవరు ఎత్తులో ఉన్నారు, వెలుగు ఎటునుంచి పడుతోంది, ఇవన్నీ మాట్లాడుకుంటారు. వీటిని శాసనాల్లా పట్టుకోవద్దని కూడా ఆయనే చెప్పేవారు.

ఇది చదివి ఊరుకోలేక మా ఇంట్లోనూ మొదలుపెట్టాం. 1957 నాటి మాయాబజార్ పెట్టి, రిమోట్ మధ్యలో ఉంచాం. వివాహభోజనంబు పాట దగ్గర లడ్డూలు వాటంతటవే ఎస్వీ రంగారావుగారి నోట్లోకి పోతుంటాయి. ఇంటిల్లిపాదీ ఎన్నోసార్లు చూసిందే. మా వదిన "ఆపండి" అంది. "మీరందరూ లడ్డూని చూస్తున్నారు. ఆ కళ్లు చూడండి, నోట్లో పడకముందే రుచి తెలిసిపోయినట్టు లేదూ?" అంది. వెనక్కి తిప్పి మళ్లీ చూశాం. నిజమే. కెమెరా ట్రిక్కు సగం పనే చేస్తోంది. మిగతా సగం ఆ కళ్లూ, ఆ దవడా, ఆ భుజాల ఊపూ చేస్తున్నాయి. ఆయన తినడాన్ని నమ్మించకపోతే లడ్డూ ఎంత గొప్పగా ఎగిరినా నవ్వు రాదు. మా నాన్నగారు మాత్రం "పాట మధ్యలో ఆపుతారేంట్రా, మాధవపెద్ది సత్యంగారు పాడుతుంటే" అని విసుక్కుని లేచి వెళ్లిపోయారు. ఆయన చెప్పిందీ విమర్శే.

ఇప్పుడు రేడియోలో చెప్పుకోవాల్సిన సంగతికి వస్తాను. ఎబర్ట్‌కి 2002లో థైరాయిడ్ క్యాన్సర్ బయటపడింది. 2006లో దవడకు ఆపరేషన్ అయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి బయల్దేరే ముందు, లెనార్డ్ కోహెన్ పాట ఇంకొకటి విని వెళ్దామని ఆగారు. ఆ ఆగిన కాసేపట్లోనే మెడలో రక్తనాళం పగిలింది. డాక్టర్లు అక్కడే ఉన్నారు కాబట్టి బతికారు. దారిలో పగిలుంటే అంతే. ఆ తర్వాత కింది దవడ పోయింది. మాట పోయింది, తిండి పోయింది, నీళ్లు కూడా గొట్టంతోనే. 2007లో తన పేరుతో జరిగే సినిమా ఉత్సవానికి ముఖానికి కట్టుతోనే వెళ్లారు. ఫొటోలు ఎలా వస్తాయోనని స్నేహితులు భయపడితే, జబ్బును దాచిపెట్టడానికి మనం పడే పాట్లు చాలన్నారు.

తర్వాత ఒక స్కాట్లాండ్ కంపెనీ ఆయన గొంతును తిరిగి తయారుచేసింది. పాత సినిమాల డీవీడీలకు ఆయన చెప్పిన వ్యాఖ్యానాల్లోంచి శబ్దాలు ఏరి, కంప్యూటర్‌తో మాటలుగా కూర్చారు. 2010లో ఓప్రా విన్‌ఫ్రే షోలో భార్య చాజ్ పక్కన కూర్చుని దాన్ని వినిపించారు. సినిమా గురించి మాట్లాడిన మాటలే చివరికి ఆయనకు గొంతయ్యాయి. మైకు ముందు కూర్చున్న ఎవరికైనా ఇది విన్నాక తమ గొంతు ఒకసారి సవరించుకోవాలనిపిస్తుంది.

తినలేని స్థితి గురించి ఆయన రాసిన వ్యాసం నాకు సమీక్షలన్నిటికన్నా ఇష్టం. తిండి లేకపోయినా ఫరవాలేదు, భోజనం బల్ల దగ్గరి కబుర్లూ జోకులూ వాదనలూ పోయినందుకే బెంగ అన్నారు. అదే 2010లో ఆ పెద్దమనిషి వంటల పుస్తకం కూడా వేశారు. దేని మీదనుకుంటున్నారు? రైస్ కుక్కర్ మీద! ఒక్క మెతుకు మింగలేని మనిషి, కుక్కర్లో ఏమేం వండుకోవచ్చో రాశారు. 2012లో అయితే 306 సినిమా సమీక్షలు రాశారు. మాట పోయిన మనిషి లెక్క ఇది. గొంతు బాగానే ఉన్న నేను ఒక పుస్తక సమీక్ష ఒప్పుకుని ఆరు నెలలు నానుస్తాను.

ఆయన ప్రభావం చదివి ఊరుకునేవాళ్లతో ఆగలేదు. తన బ్లాగుకి ఉత్తరాలు రాసేవాళ్లలోంచి ఈజిప్టు, కొరియా, మెక్సికో, మన ఇండియా నుంచి కూడా కొందరిని ఎంచుకుని, తన పేజీలోనే వాళ్లచేత సినిమాల గురించి రాయించారు. అవా డువెర్నే అనే అమెరికన్ దర్శకురాలి సంగతి ఇంకా బాగుంటుంది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు పిన్నితో కలిసి లాస్ ఏంజెలెస్‌లో ఆస్కార్ రిహార్సల్స్ బయట నిలబడి ఎబర్ట్‌ని చూసింది, ఆయనతో ఫొటో దిగింది. పెద్దయ్యాక ఆ పిన్ని పోయిన దుఃఖంలోంచి ఒక చిన్న సినిమా తీసింది. 2011లో ఎబర్ట్ దాన్ని సమీక్షించారు. అయినవాళ్ల చావును తట్టుకోవడం మీద తాను చూసిన మంచి సినిమాల్లో ఇదొకటని రాశారు. ఆవిడ ఆ పాత ఫొటో ఆయనకు పంపింది. తర్వాత సెల్మా అనే సినిమా తీసింది ఆవిడే.

ఆయన చెప్పిందల్లా నాకు వేదం కాదు. బ్లూ వెల్వెట్ అనే సినిమాకి ఒక్క నక్షత్రం వేశారు, ఆ తీర్పు నేను ఒప్పుకోను. వీడియో గేములు ఎప్పటికీ కళ కాలేవన్నారు, మా అబ్బాయి విన్నాడంటే ఊరుకోడు. ఆయనతో వాదించాలని సినిమా చూశాకే ఆయన సమీక్ష తెరుస్తాను, ముందు తెరవను.

ఇంగ్లీషు చదివే అలవాటుంటే ఆయన సమీక్షలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి, పైసా ఖర్చు లేదు. అపూ చిత్రాల వ్యాసంతో మొదలుపెట్టండి. మరీ గంభీరంగా అనిపిస్తే, 1994లో వచ్చిన నార్త్ అనే సినిమాను ఆయన ఎలా ఉతికారో చదవండి. ఈ సినిమా నాకు అసహ్యం, అసహ్యం, అసహ్యం అని రాసుకుంటూ పోయారు. తిట్లకే ఒక పుస్తకం పట్టింది, అదీ బాగా అమ్ముడైంది.

సెలవు. నమస్కారం.