గట్టు మీది గుంటగలగర: తొట్టిలో పెంచడం, నూనె కాచడం

(వరి మడి గట్టు. కెమెరా నేలకు దగ్గరగా.)

నమస్కారమండీ. ఇది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర వంశధార ఎడమ కాలువ కింద మా మడి. ఉభాలు, అంటే వరి నాట్లు, అయి పది రోజులైంది. గట్టు అంచున తడిలో ఈ మొక్క చూడండి. ఎర్రటి కాడ, ఎదురెదురుగా సన్నటి గరుకు ఆకులు, చొక్కా గుండీ అంత తెల్లపువ్వు. ఇదే గుంటగలగర. ఆయుర్వేదం వాళ్లు భృంగరాజం అంటారు. మన వైపు గుంట అంటే ఆడపిల్ల కదా, ఈ గుంట వేరు. నీళ్లు నిలిచే పల్లం.

(ఆకు నలుపుతున్న వేళ్లు, దగ్గరగా.)

గడ్డి చామంతిని చూసి ఇదే అనుకునేవాళ్లు చాలామంది. గడ్డి చామంతి పువ్వు మధ్యలో పసుపు ఉంటుంది, పొడవాటి కాడ మీద ఒక్కటే నిలబడుతుంది. అనుమానముంటే ఇలా నాలుగు ఆకులు నలపండి. ముందు పచ్చగానే ఉంటుంది. గాలి తగిలి కాసేపటికి, ఇదిగో, వేళ్లు నల్లబడ్డాయి. నల్లబడకపోతే కోయకండి.

ఇంకో మాట. గట్టు మీద ఆకు ఎంత నవనవలాడుతున్నా నేను కోయను. కలుపు మందు ఎప్పుడు కొట్టారో ఎవరికి తెలుసు? అందుకే ఒక కాడ తెచ్చి ఇంట్లో వేసుకోవాలి.

(ఇంటి పెరడు. వెడల్పాటి పాత టబ్బు.)

కణుపులున్న జానెడు కాడ తీసుకుని, తడిమట్టిలో పడుకోబెట్టండి. కణుపు దగ్గరే వేరు పోస్తుంది. గింజలైతే మట్టిపైన చల్లి వదిలేయండి, కప్పొద్దు. వాటికి వెలుతురు తగిలితేనే మొలుస్తాయి. తడి ఆరకూడదు, అంతే. ఎరువులూ అవీ ఏమీ అక్కర్లేదు. పూత మొదలయ్యాక పైకాడలు కోస్తే మళ్లీ చిగురిస్తుంది.

(పొయ్యి మీద మూకుడు.)

ఇప్పుడు నూనె. కడిగి, నీడన ఆరబెట్టిన ఆకు రుబ్బి గుడ్డలో పిండితే ఒక గ్లాసు రసం వచ్చింది. రెండు గ్లాసుల కొబ్బరి నూనె, మాది ఉద్దానం కొబ్బరి, రెండూ కలిపి సన్న సెగ మీద పెట్టాను. మొదట పచ్చటి నురగ, చిటపటలు. తొందరపడొద్దు.

మొదటిసారి నేను తొందరపడ్డాను. చిటపట తగ్గిందని దించేశాను. పది రోజులకి సీసా మూత తీస్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. అమ్మమ్మ చూసి, "ఏట్రా, నీరు ఇగరకుండానే దించేసావా?" అంది. ఆవిడ పరీక్ష ఇది. అడుగున మడ్డి కొంచెం తీసి, రెండు వేళ్ల మధ్య వత్తిలా చెయ్యాలి. పొయ్యికి కాస్త ఎడంగా నిలబడి దాన్ని పట్టకారుతో మంటలో పెట్టాలి. 

(మడ్డి వత్తి మంటలో. శబ్దం వినిపించేలా.)

చిటపటమంటే ఇంకా నీరుంది. ఇదిగో, ఇప్పుడు చప్పుడు లేదు. దించేద్దాం. చల్లారాక వడకట్టి, పొడి సీసాలో పోయాలి.

తెల్లజుట్టు నల్లబడుతుందా అని కామెంట్లలో అడుగుతారని తెలుసు. తెల్లబడ్డ వెంట్రుక నూనెతో నల్లబడటం నేను చూడలేదండీ. మా ఇంట్లో తలకి చల్లగా ఉంటుందని రాసుకుంటాం. కొత్తగా వాడేవాళ్లు ముందు మోచేతి లోపల ఒక చుక్క రాసి, ఒక రోజు ఆగి చూడండి.

లేతాకుతో పచ్చడి కూడా చేస్తారు. మినప్పప్పు, ఎండుమిరప, చింతపండు వేసి నూరాలి, కాస్త చేదు తగులుతుంది. అది తిండి. రసం గ్లాసులకొద్దీ తాగడం వేరే సంగతి. కాలేయానికి మంచిదని ఎవరో చెప్పారని మొదలుపెట్టకండి. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడక్కుండా అసలే తాగొద్దు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం వాళ్లకి నేను వేరేగా చెప్పక్కర్లేదు.

(మళ్లీ టబ్బు. పక్కన నేల మీద చిన్న మొలకలు.)

ఒక్కసారి గింజ రాలిందంటే టబ్బు పక్కన, బోరు దగ్గర, ఎక్కడ తడుంటే అక్కడ మొలుస్తుంది. మా పక్కింటి పిన్ని కలుపనుకుని పీకేస్తోంది. పీకినవి ఇటు పడెయ్యి పిన్నీ అని చెప్పాను.