డోలీ దిగే దారిని లెక్కలో వెయ్యండి

(స్క్రీన్ మీద పాడేరు కొండల మ్యాప్. రెండు చుక్కలు, మధ్యలో ఒక గీత.)

పై చుక్క ఒక గిరిజన గూడెం, కింది చుక్క కాన్పులు చేసే ఆసుపత్రి, మధ్య దూరం 12 కిలోమీటర్లు అనుకుందాం. అంబులెన్స్ గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతే 24 నిమిషాలు. దగ్గరే కదా అనిపిస్తుంది.

కానీ అందులో 5 కిలోమీటర్లకు రోడ్డే లేదు. నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో పడుకోబెట్టి, భుజాలు మార్చుకుంటూ, రాళ్ల మీద జారకుండా దిగాలి, గంటకు 2 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. అంటే నడకకే 150 నిమిషాలు. మిగిలిన 7 కిలోమీటర్లు ఘాట్ రోడ్డు, బండి 20 మీద పోతే ఇంకో 21. మొత్తం 171 నిమిషాలు, అదీ దారిలో గెడ్డ, అంటే వాగు, పొంగకపోతే! కాన్పయ్యాక రక్తస్రావం ఆగకపోతే రెండు గంటల్లోనే తల్లి ప్రాణం పోవచ్చు.

గణిత నమూనా అంటే భయపడకండి, మనం ఇప్పుడు చేసిందే దాని మొదటి మెట్టు.

1974లో చర్చ్, రెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక నమూనా ఇచ్చారు: చేతిలో ఉన్న కొద్ది కేంద్రాలతో, అనుకున్న సమయంలో ఎక్కువమందిని అందుకోవాలంటే వాటిని ఎక్కడ పెట్టాలి? అంబులెన్సులు ఎక్కడ నిలపాలో తేల్చడానికి బాగా పనికొస్తుంది. చిక్కేంటంటే, 'ఎక్కువమంది' అని అడిగాం కాబట్టి అది రోడ్డు పక్క పెద్ద ఊళ్ల వైపే మొగ్గుతుంది, 20 ఇళ్ల గూడెం మిగిలిపోతుంది. నాకు ఇది ఒప్పుకోబుద్ధి కాదు. అందరికంటే దూరాన ఉన్న తల్లికి పట్టే సమయాన్ని తగ్గించే నమూనా కూడా ఉంది, రెండూ వేసి చూడాల్సిందే.

ఇంకో సంగతి. యాక్సిడెంట్ ఎప్పుడవుతుందో తెలియదు, కాన్పు తేదీ మాత్రం ఇంచుమించు ముందే తెలుసు. సాలూరులో పెట్టినట్టు గర్భిణుల వసతి గృహం పెట్టి, నెలలు నిండుతుండగానే కిందికి తీసుకొస్తే నొప్పుల మధ్య డోలీ ఎక్కే పని తప్పుతుంది. మంచాలెన్ని కావాలి? రోజుకు ఇద్దరు చేరి, ఒక్కొక్కరు సగటున 15 రోజులుంటే, ఏ రోజు చూసినా సుమారు 30 మంది ఉంటారు. ఇది సగటే, ఒక్కోసారి 40 కూడా అవుతారు, కాబట్టి 40 మంచాలు వేసుకోవాలి.

అయినా ఆశా కార్యకర్త వెళ్లి రమ్మంటే ఆ తల్లికి మంచం గుర్తుకు రాదు, "నా మూడేళ్ల బిడ్డను ఎవరు చూస్తారు?" అంటుంది. ఆ బిడ్డ లెక్కలో లేకపోతే మంచాలు ఖాళీగా ఉంటాయి. 40 అని రాసేటప్పుడు వెంట వచ్చే పిల్లలకు, తోడుగా ఉండే అత్తకో అమ్మకో చోటు, రెండు పూటలా అన్నం కూడా కలిపి రాయండి.