ఈస్టర్ తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో

అందరికీ వందనాలండీ.

విశాఖలో చాలా సంఘాలకి ఈస్టర్ అంటే తెల్లవారకముందే బీచ్. మాదీ అంతే. నాలుగింటికల్లా ఇసుకలో పట్టాలు పరిచేస్తాం. జనరేటర్, మైకులు, ఫ్లడ్ లైట్లు, పాటలు. సముద్రంలోంచి సూర్యుడు పైకొచ్చే వేళకి "ప్రభువు లేచాడు" అని ఒకరికొకరు చెప్పుకుంటుంటే ఒళ్లు పులకరిస్తుంది. చిన్నప్పట్నుంచీ నాకు పండగంటే అదే.

పోయిన ఈస్టర్‌కి ఆరాధనయ్యాక అందరూ టీలు తాగి వెళ్లిపోయారు. సామాన్లు సర్దడానికి నేనూ ఇద్దరు యూత్ పిల్లలూ ఉండిపోయాం. పేపరు కప్పులు, బన్ను కవర్లు, నీళ్ల ప్యాకెట్లు. అలలు ఒక్కొక్కటే లాక్కుపోతున్నాయి. వాకింగ్‌కొచ్చిన పెద్దాయన ఒకరు ఆగి, "ఈ లైట్లతో తాబేలు పిల్లలు దారి తప్పుతాయని తెలుసా బాబూ?" అని అడిగారు. నాకు తెలీదు.

తర్వాత తెలుసుకున్నాను. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి గుడ్లు పెట్టడానికొస్తాయి. ఒక్కో తల్లి వంద దాకా గుడ్లు ఇసుకలో కప్పెట్టి వెళ్లిపోతుంది. అటవీ శాఖ వాళ్లు వాటిని తీసి కుక్కలకి దొరక్కుండా హ్యాచరీల్లో పెడతారు. వాళ్ల కంట పడని గూళ్లూ ఉంటాయి. 45 నుంచి 60 రోజులకి పిల్లలు బయటికొస్తాయి. మరి ఈస్టర్ ఎప్పుడు? మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య. లెక్కేసుకోండి. మనం ఖాళీ సమాధి గురించి పాడే రోజుల్లోనే ఆ ఇసుకలోంచి ప్రాణం లేస్తోంది. చీకట్లో పైకొచ్చిన పిల్ల ఎటు వెలుగుంటే అటు పాకుతుంది. మామూలుగా సముద్రం వైపే తేటగా ఉంటుంది. మన ఫ్లడ్ లైట్ వెలిగితే రోడ్డు వైపు తిరుగుతుంది.

సంఘంలో ఈ మాట చెబితే ఒక అన్నయ్య, "ఈ లోకం ఎలాగూ లయమైపోయేదే కదా బ్రదర్, మన పని ఆత్మల రక్షణ" అన్నారు. ఆయన ప్రార్థనాపరుడు, నాకు ఎంతో గౌరవం. అయినా ఆ మాట ఒప్పుకోలేను. ఆదికాండం మొదటి అధ్యాయంలో భూమిని ఏలమన్న మాట మనకి కంఠతా. రెండో అధ్యాయం 15వ వచనం దగ్గర మాత్రం ఆగం. ఏదెను తోటను "సేద్యపరచుటకును దాని కాచుటకును" దేవుడు నరుణ్ణి అక్కడ ఉంచాడు. కాచుట! పొలం కాసేవాడు మంచె మీద నిద్ర మానుకుంటాడు, ఆ పొలం తనది కాకపోయినా. హీబ్రూలో ఆ మాట షమర్. ప్రతి ఆదివారం చివర్లో పాస్టరుగారు చేతులెత్తి "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అంటారే, సంఖ్యాకాండం 6:24, అక్కడా అదే మాట. దానికి తలవంచి ఆమేన్ అంటాను. అదే మాటతో నాకు తోట అప్పగించాడు, అదీ పాపం ఇంకా లోకంలోకి రాకముందే.

మన హార్బరులో మరబోట్లకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. లేవీయకాండం 25లో ఏడో ఏట భూమికి ఇమ్మన్న విశ్రాంతే నాకు గుర్తొస్తుంది. కాకపోతే సముద్రం విశ్రాంతికి మూల్యం చెల్లిస్తున్నది జాలరి కుటుంబాలు. ఆ రెండు నెలలూ వాళ్లకి మన ప్రార్థనతో పాటు బియ్యం బస్తా కూడా వెళ్లాలి.

ఈసారి ఈస్టర్‌కి కమిటీ ఒప్పుకుంది. తూర్పు తెల్లబడే దాకా ఫ్లడ్ లైట్లు వెయ్యం. ఎవరి స్టీలు గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలి. అయిదు వేలమంది తిన్నాక "ఏమియు నష్టపడకుండ" ముక్కలు పోగుచెయ్యమని ప్రభువు చెబితే పన్నెండు గంపలు నిండాయి కదా, మా యూత్ పిల్లలు సరిగ్గా పన్నెండు వెదురు గంపలు కొనుక్కొచ్చారు. బన్నులకి కవర్లు వద్దని బేకరీలో ముందే చెప్పాలి, అది నా పని.