తాత పేరు మోసే జలాంతర్గామి

సభకు నమస్కారం. జువ్వలదిన్నె, తుమ్మలపెంట తీరాల నుంచి కావలికి వచ్చిన మత్స్యకార కుటుంబాల పిల్లలు ముందు వరుసలో కూర్చున్నారు కనుక సొర చేపతోనే మొదలుపెడతాను.

మన నౌకాదళపు తొలి జలాంతర్గామి పేరు కల్వరి. ఒంటిమీద పులి చారలుండే సొరకు మలయాళంలో ఉన్న పేరది. 1967 డిసెంబరు 8న సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో దళంలో చేరి, 1996లో విశ్రాంతి తీసుకుంది. 2017 డిసెంబరు 14న, ముంబయి మజగావ్ డాక్‌లో ఫ్రెంచి సాంకేతిక సహకారంతో కట్టిన కొత్త జలాంతర్గామి అదే పేరుతో దళంలో చేరింది.

గతించిన తాత పేరును మనవడికి పెట్టుకోవడం మన ఇళ్లలో ఉన్నదే. నాకూ మా తాత పేరే పెట్టారు. భర్త పేరు నోట పలకకూడదని మా అవ్వ నన్ను కడదాకా ‘నాయనా’ అనే పిలిచింది. పేరుకు అంత బరువుంటుంది. కల్వరి వెంట వచ్చిన ఖాందేరి, కరంజ్, వేలా, వాగీర్, 2025 జనవరి 15న చేరిన వాగ్‌షీర్, అన్నీ విరమించిన పాత జలాంతర్గాముల పేర్లనే మోస్తున్నాయి. వీటిలో ఖాందేరి, ముంబయికి దక్షిణాన సముద్రంలో శివాజీ 1679లో కోట కట్టించిన దీవి.

ఇక నిర్మాణం. ఉక్కు పలకలను వలయాలుగా వంచి, వాటిని అతికి పెద్ద ఖండాలు చేసి, యంత్రాలను లోపలికి చేర్చాక ఆ ఖండాలను ఒకదానితో ఒకటి వెల్డింగు చేస్తారు. 300 మీటర్ల లోతున అరచేయంత చోటుమీద దాదాపు మూడు టన్నుల బరువు పడుతుంది కనుక, వలయం గుండ్రదనం కాస్త తప్పినా, అతుకులో వెంట్రుకంత పగులున్నా ఒప్పుకోరు. 67.5 మీటర్ల పొడవున్న ఆ ఇరుకు గొట్టంలో సుమారు 60 కిలోమీటర్ల కేబుళ్లు, 11 కిలోమీటర్ల పైపులు అమరుస్తారు. ఒక్కొక్కటి 750 కిలోలు తూగే బ్యాటరీ సెల్‌లు 360 ఉంటాయి. అంటే నౌక బరువులో ఇంచుమించు ఆరోవంతు బ్యాటరీలదే. నీటి అడుగున డీజిల్ ఇంజన్లు ఆపేసి, చప్పుడు లేకుండా కదలాలంటే ఆధారం అవే.

తొలి కల్వరి తరపు పాత జలాంతర్గాములు మొత్తం ఎనిమిది. వాటిలో వాగ్లి, కుర్సురా పేర్లు మాత్రం ఈ కొత్త ఆరింటిలో లేవు. కుర్సురాను చూడాలంటే విశాఖ బీచ్‌కు వెళ్లండి. 1969లో దళంలో చేరిన ఆ నౌక 2002 నుంచి ఇసుకమీద మ్యూజియంగా నిలిచి ఉంది. పిల్లలూ, లోపలికి వెళ్లినప్పుడు తల వంచి ఆ గుండ్రటి తలుపు దాటండి, అంచున ఉన్న ఉక్కు మందాన్ని చేత్తో తడిమి చూడండి.